భూమిలో ఉన్న బంగారం, చేతిలో లేని కానుక



మూడేళ్ల కిందట పల్నాడులోని ఒక పల్లె సంఘం వారు మందిర శంకుస్థాపనకు మమ్మల్ని పిలిచారు. 80 గడపల సంఘం. పాత మందిరం రేకులు తుప్పుపట్టి, వాన వస్తే ఆరాధనంతా ఒక మూలకు జరిగిపోయే పరిస్థితి. కొత్తది కట్టాలంటే 22 లక్షలవుతుందని మేస్త్రీ అంచనా వేశాడు. కూలి పనులు చేసుకునే సంఘానికి అంత సొమ్ము ఎక్కడిదని అడిగితే పెద్దలు సంతోషంగా చెప్పారు. ఆ ఊరి బిడ్డ ఒకరు కెనడాలో ఉద్యోగం చేస్తున్నారట, మందిరానికి అయ్యే ఖర్చంతా తానే భరిస్తానని మాట ఇచ్చారట. మేము స్తోత్రం చెప్పి, మొదటి రాయి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వచ్చాము. ఆ మాట వెనుక ఏముందో అడగలేదు. అడగవలసింది.

దాని వెనుక ఉన్నది ఒక షేరు. ఇంకా తవ్వని బంగారు గనికి సంబంధించిన షేరు. ఆ సహోదరుడు దాన్ని 18 సెంట్ల చొప్పున 2 లక్షల షేర్లు కొన్నారు. అంటే 36,000 కెనడా డాలర్లు, ఏళ్ల తరబడి కూడబెట్టినది. త్వరలో పెద్ద కంపెనీ ఒకటి వచ్చి షేరు 2 డాలర్ల లెక్కన ఈ చిన్న కంపెనీని మొత్తంగా కొనేస్తుందని ఆయన ఉన్న వాట్సాప్ గుంపులో నమ్మకంగా చెప్పుకునేవారు. అలా జరిగితే 4 లక్షల డాలర్లు వస్తాయి. దశమభాగం 40,000 డాలర్లు, మన రూపాయల్లో దాదాపు 24 లక్షలు. మందిరం ఖర్చు 22 లక్షలు. లెక్క అంత చక్కగా కుదిరితే దేవుని చిత్తమే అనుకోవడం సహజం.

ఆయన మాకు ఫోను చేసింది ఈ సంవత్సరమే. అప్పటికి షేరు 6 సెంట్లకు దిగింది. "అయ్యగారూ, బైఅవుట్ త్వరగా రావాలని ప్రార్థన చేయండి. నేను మొక్కుకున్నాను, తప్పకూడదు" అన్నారు. ఈ బైఅవుట్ అనే మాటను ప్రార్థన మనవుల్లో మేము వినడం ఇదే మొదటిసారి కాదు. టొరంటో నుంచి, పెర్త్ నుంచి, ఈ మధ్య హైదరాబాదు నుంచి కూడా ఇలాంటి మనవులు వస్తున్నాయి. అందుకే ఈ వారం ఈ పేజీలో దాని లోపలి సంగతి వివరిస్తున్నాము. ఏ షేరు కొనాలో, ఏది అమ్మాలో చెప్పడం మా పని కాదు, అందుకు మాకు అర్హతా లేదు. అయితే దేని కోసం ప్రార్థిస్తున్నామో తెలిసి ప్రార్థించాలి కదా.

ముందుగా ఈ చిన్న కంపెనీల సంగతి. గనుల లోకంలో రెండు రకాల కంపెనీలున్నాయి. నిజంగా గని నడిపి, లోహం అమ్మి, జీతాలిచ్చే పెద్దవి ఒక రకం. భూమిలో ఏముందో వెతికే చిన్నవి రెండో రకం. వీటిని జూనియర్లు అంటారు. కెనడాలోని టీఎస్ఎక్స్ వెంచర్ ఎక్స్ఛేంజిలోనూ ఆస్ట్రేలియా ఎక్స్ఛేంజిలోనూ ఇలాంటివి వందల సంఖ్యలో ఉంటాయి. వీటికి అమ్మకాలు ఉండవు, ఆదాయం ఉండదు. ఉండేది ఒక భూభాగం మీద వెతికే హక్కు, కొందరు భూగర్భ శాస్త్రవేత్తలు, జనం దగ్గర షేర్లు అమ్మి తెచ్చిన డబ్బు. ఆ డబ్బుతో బోర్లు వేస్తారు, బయటికి వచ్చిన రాతి కడ్డీలను ప్రయోగశాలకు పంపుతారు, ఫలితాలు ప్రకటిస్తారు. డబ్బు అయిపోగానే మళ్లీ షేర్లు అమ్ముతారు. వెతికిన చోట్లలో గనులుగా మారేవి బహు కొద్ది.

ఈ పనిలో తప్పేమీ లేదని మొదటే చెబుతున్నాము. ఎవరో ఒకరు ఖర్చుపెట్టి వెతకకపోతే రాగి తీగ లేదు, ఇనుము లేదు, మన సెల్‌ఫోను కూడా లేదు. యోబు గ్రంథం 28వ అధ్యాయం చదివితే, మనుషుల రాకపోకలు లేని చోట సొరంగం తవ్వి, తాళ్లకు వేలాడుతూ, చీకటి చివరి దాకా వెతికే గని పనివారిని రచయిత ఎంత ఆశ్చర్యంతో వర్ణించాడో తెలుస్తుంది. పాత నిబంధనలో ఒక వృత్తిని గురించి ఇంత దగ్గరగా చూసి రాసిన భాగాలు తక్కువ. ఆ మనిషి వెండిని కనుగొంటాడు, బంగారాన్ని కనుగొంటాడు, జ్ఞానం ఎక్కడ దొరుకుతుందో మాత్రం అతనికి తెలియదని అధ్యాయం ముందుకు సాగుతుంది. రచయిత ఆ పనివాడిని నిందించడు. అతని నైపుణ్యం ఎంత దూరం పోగలదో చూపించి అక్కడ ఆపుతాడు.

ఇప్పుడు ఆ 2 డాలర్లు ఎలా పుట్టాయో చూద్దాం. గుంపుల్లో వేసే లెక్క దాదాపు ఎప్పుడూ ఒకే తీరున ఉంటుంది. ఉదాహరణకు ఒక కంపెనీ తన నేలలో 1 కోటి టన్నుల రాయి ఉందని, టన్నుకు 2 గ్రాముల బంగారం ఉందని ప్రకటించిందనుకోండి. మొత్తం 2 కోట్ల గ్రాములు, అంటే 20 టన్నుల బంగారం. ఔన్సుకు 31.1 గ్రాముల చొప్పున చూస్తే సుమారు 6 లక్షల 43 వేల ఔన్సులు. ఔన్సు ధర 2,000 డాలర్లు వేసుకుంటే 128 కోట్ల డాలర్ల పైమాట. కంపెనీకి 30 కోట్ల షేర్లున్నాయి. భాగిస్తే షేరుకు 4 డాలర్ల 28 సెంట్లు. బజారులో షేరు 8 సెంట్లకు దొరుకుతోంది. ఇంతకంటే చవక ఏముంది, సగానికి సగం తగ్గించి 2 డాలర్లకు కొన్నా లాభమే కదా అంటారు.

లెక్కలో కూడికలూ భాగహారాలూ సరిగానే ఉన్నాయి. మొదటి మెట్టే తప్పు. భూమిలో ఉన్న బంగారం ధర, బంగారం కొట్టులో ఉన్న బంగారం ధర ఒకటి కావు. చేలో నిలబడ్డ మిరపచేనును గుంటూరు యార్డు ధరతో లెక్కగట్టే రైతు ఉండడు. కోత కూలి, ఆరబోత, తొడిమలు తీయడం, బస్తాలు, లారీ బాడుగ, తరుగు, కమీషను, మధ్యలో పడే వాన, ఇవన్నీ తీసేస్తేనే చేను విలువ తేలుతుంది. గని దగ్గర ఆ తీసివేతలు ఇంకా పెద్దవి. పైన ఉన్న పనికిరాని రాయి తొలగించాలి. రోడ్డు వేయాలి, కరెంటు తేవాలి, మిల్లు కట్టాలి. రాయిని పిండి చేసి సైనైడు ద్రావణంలో బంగారాన్ని విడదీయాలి. ఆ బంగారమంతా చేతికి రాదు, కొంత పోతుంది. ప్రభుత్వానికి రాయల్టీ, పన్ను కట్టాలి. పర్యావరణ అనుమతులు, ఊళ్ల అభ్యంతరాలు, కోర్టులు. ఇవన్నీ దాటి మొదటి బంగారం కరిగేసరికి పదేళ్లు పట్టడం అరుదేమీ కాదు. మన కర్నూలు వైపు జొన్నగిరిలో బంగారం ఉందని తెలిసీ గని దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది.

అందుకే కొనే పెద్ద కంపెనీ, భూమిలో ఉన్న ఔన్సుకు బజారు ధర ఇవ్వదు. దానిలో చిన్న ముక్క ఇస్తుంది. ఆ ముక్క ఎంత అన్నది దేశాన్ని బట్టి, రాయిని బట్టి, నిక్షేపం గురించి ఎంత నిశ్చయంగా తెలుసో దాన్నిబట్టి మారుతుంది. పై ఉదాహరణలో ఔన్సుకు 40 డాలర్లు అనుకుందాం. మొత్తం విలువ 2 కోట్ల 57 లక్షల డాలర్లు. 30 కోట్ల షేర్లతో భాగిస్తే ఎనిమిదిన్నర సెంట్లు. అంటే బజారులో 8 సెంట్లకు దొరుకుతున్న షేరు చవక కాదు, దాని విలువకే దొరుకుతోంది. అదే రాయి, అదే బంగారం. ఒక లెక్కలో 4 డాలర్లు, మరో లెక్కలో 8 సెంట్లు.

ఇంకో మెలిక ఉంది, మా సహోదరుడు చిక్కుకున్నది అందులోనే. ఆ 30 కోట్ల షేర్లు 30 కోట్లుగా ఉండిపోవు. ఆదాయం లేని కంపెనీకి షేర్లు అచ్చువేయడమే బతుకుతెరువు. ప్రతి ఏడాదీ బోర్లకు డబ్బు కావాలి, కాబట్టి కొత్త షేర్లు అమ్ముతారు. ధర తక్కువగా ఉన్నప్పుడు ఎక్కువ అమ్మాలి. పైగా కొత్తగా డబ్బు పెట్టేవారికి ఎర కావాలి కనుక, ఒక్కో షేరుతో పాటు వారెంటు ఇస్తారు. ముందే నిర్ణయించిన ధరకు తర్వాత ఇంకో షేరు కొనుక్కునే హక్కే వారెంటు. కంపెనీ అధికారులకు ఆప్షన్లు ఉంటాయి. ఇవన్నీ కలిపితే 30 కోట్లు 40 కోట్లవుతాయి. ఎనిమిదిన్నర సెంట్లు 6.4 సెంట్లకు దిగిపోతుంది. బంగారం ఒక్క గ్రాము తగ్గలేదు, రొట్టె అంతే ఉంది, తినేవాళ్లు పెరిగారు. కొన్నేళ్లకు షేరు మరీ సెంటు రెండు సెంట్లకు వస్తే, పది షేర్లను ఒకటిగా చేసి మళ్లీ మొదలుపెడతారు. మీ లక్ష షేర్లు తెల్లారేసరికి పదివేలవుతాయి.

చిన్న ధర చిన్న నష్టం అనే భ్రమ ఒకటుంది. 5 సెంట్ల షేరు అయితే పోయేది 5 సెంట్లే కదా అని మాకు ఒకరు చెప్పారు. కెనడా బజారులో 50 సెంట్ల లోపు షేర్లు అర సెంటు చొప్పున మారుతాయి. కొనేవాడు 5 ఇస్తానంటాడు, అమ్మేవాడు ఐదున్నర అడుగుతాడు. మీరు ఐదున్నరకు కొని, అదే నిమిషంలో మనసు మార్చుకుని 5కి అమ్మితే పెట్టిన డబ్బులో నూటికి 9 పోయినట్టే. అది కూడా, కొనేవాడు ఉంటే. అన్ని రోజులూ ఉండడు.

ఇంత చెప్పాక, మరి బైఅవుట్లు జరగవా అని అడుగుతారు. జరుగుతాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి? 1993లో కెనడా తూర్పు కొసన లాబ్రడార్‌లో వజ్రాల కోసం వెతుకుతున్న ఇద్దరు ప్రాస్పెక్టర్లు తుప్పు రంగులో ఉన్న ఒక కొండను చూసి రాయి కొట్టారు. అది నికెల్, రాగి, కోబాల్టుల మహా నిక్షేపం. పేరు వాయిసీస్ బే. వారిని పనిలో పెట్టిన డైమండ్ ఫీల్డ్స్ అనే చిన్న కంపెనీని 1996లో ఇన్కో అనే పెద్ద కంపెనీ 430 కోట్ల కెనడా డాలర్లకు తీసుకుంది. వాట్సాప్ గుంపులకు ఇదే సువార్త. చెప్పని భాగం ఏమంటే, ఆ గని నుంచి లోహం వచ్చింది 2005లో. ఈలోగా 2002లో ఇన్కో తాను కొన్న ఆస్తి విలువను తన పుస్తకాల్లో భారీగా తగ్గించి రాసుకుంది. కొన్నవాడు గొప్పవాడైనంత మాత్రాన కొన్న ధర సరైనది కాదు.

ఈక్వడార్‌లో మరొకటి జరిగింది. ఆరేలియన్ అనే జూనియర్ 2006లో ఫ్రూటా డెల్ నోర్తే అనే బంగారు నిక్షేపాన్ని కనుగొంది. నిజమైనది, గొప్పది. 2008లో ఆ దేశ ప్రభుత్వం గనుల పనులన్నీ ఆపేయమనడంతో షేరు కూలింది. ఆ పడిన ధర నుంచి లేస్తుండగా కిన్రాస్ అనే పెద్ద కంపెనీ దాన్ని కొంది. వాటాదారులకు ప్రధానంగా ఇచ్చింది డబ్బు కాదు, తన షేర్లే. చాలామందికి తెలియని సంగతి ఇది. బైఅవుట్ అంటే బ్యాంకులో డబ్బు పడటం అనుకుంటారు. తరచు ఒక కాగితానికి బదులు ఇంకో కాగితం వస్తుంది. పన్ను విషయంలో ప్రభుత్వంతో కుదరక కిన్రాస్ 2013లో ఆ ప్రాజెక్టు వదిలేసింది. వేరే కంపెనీ చేతిలో 2019లో అక్కడ బంగారం ఉత్పత్తి మొదలైంది. బంగారం నిజం, గని నిజం. మధ్యలో ఎంతమంది చేతులు కాలాయో.

అయితే ఈ విషయం మీద ఒక్క కథే చెప్పాలంటే మేము బ్రె-ఎక్స్ కథే చెబుతాము. ఈ తరం పెట్టుబడిదారుల్లో చాలామందికి ఆ పేరు కూడా తెలియకపోవడం మాకు ఆశ్చర్యం.

కాల్గరీ నగరంలో డేవిడ్ వాల్ష్ అనే ఆయన నడిపిన చిన్న కంపెనీ అది. 1993లో ఇండోనేషియాలో బోర్నియో అడవుల్లో బుసాంగ్ అనే చోటు కొన్నది. జాన్ ఫెల్డర్‌హాఫ్ అనే భూగర్భ శాస్త్రవేత్త, ఆయన కింద ఫిలిప్పీన్స్‌కు చెందిన మైకేల్ డి గుజ్మాన్ పని చూసేవారు. మొదట డాలరుకు లోపు దొరికిన షేరు, బోరు వెనుక బోరు ఫలితాలు రావడంతో లేచింది. కంపెనీ చెప్పిన బంగారం లెక్క ఏటికేడు పెరిగి 7 కోట్ల ఔన్సులకు చేరింది. 1996లో షేరు, విభజనకు ముందటి లెక్కలో 280 డాలర్లు దాటింది. కంపెనీ విలువ 600 కోట్ల కెనడా డాలర్లు. అల్బర్టాలోని సెయింట్ పాల్ అనే చిన్న పట్టణంలో మామూలు కుటుంబాలు ఎన్నో ఇందులో డబ్బు పెట్టాయి. ఒంటారియో ఉపాధ్యాయుల పింఛను నిధి వంటి పెద్ద పెద్ద నిధులూ పెట్టాయి. అప్పుడు లోకమంతా మాట్లాడుకున్నది ఒకటే: దీన్ని ఎవరు కొంటారు? బ్యారిక్ వచ్చింది, ప్లేసర్ డోమ్ వచ్చింది, ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో కుటుంబీకులూ సన్నిహితులూ రంగంలో దిగారు. చివరికి 1997 ఫిబ్రవరిలో అమెరికాకు చెందిన ఫ్రీపోర్ట్ మెక్‌మొరాన్‌కు 15 శాతం వాటాతో గని నడిపే ఒప్పందం కుదిరింది.

కొనబోయేవాడు ఏం చేస్తాడు? తవ్వి చూస్తాడు. ఫ్రీపోర్ట్ మనుషులు బ్రె-ఎక్స్ బోర్ల పక్కనే తమ బోర్లు వేశారు. బంగారం లేదు. ఆ వివరణ ఇవ్వడానికి పిలిపించిన డి గుజ్మాన్ మార్చి 19న బుసాంగ్‌కు వెళుతూ హెలికాప్టర్ నుంచి పడి మరణించాడు. మార్చి 26న ఫ్రీపోర్ట్ తనకు దొరికింది లెక్కలోకి రాని బంగారమని ప్రకటించింది. మరునాడు షేరు కూలిన ధాటికి టొరంటో ఎక్స్ఛేంజి కంప్యూటర్లు తట్టుకోలేకపోయాయి. మే నెలలో స్ట్రాత్‌కోనా అనే స్వతంత్ర సంస్థ నివేదిక వచ్చింది. రాతి పొడిలో బయటి నుంచి తెచ్చిన బంగారం కలిపారు. అది నదీ ఇసుకలో దొరికే గుండ్రని రేణువుల బంగారం, బండలోపల ఉండే బంగారం అలా ఉండదు. మామూలుగా రాతి కడ్డీని నిలువునా చీల్చి, సగం పరీక్షకు పంపి సగం దాచి ఉంచుతారు, ఎవరైనా అడిగితే చూపడానికి. బుసాంగ్‌లో కడ్డీ మొత్తాన్ని పొడి చేసేశారు. ఆ ఒక్క సంగతి చాలు, ఎవరైనా అనుమానించడానికి. నిపుణులు చూశారు, వదిలేశారు. ధర పెరుగుతోంది కనుక.

వాల్ష్ 1998లో మరణించాడు. ఫెల్డర్‌హాఫ్ మీద పెట్టిన కేసులో 2007లో కోర్టు ఆయనను నిర్దోషి అని విడిచిపెట్టింది. ఆ మోసానికి జైలుకు వెళ్లినవారు లేరు. ఆ దెబ్బతో కెనడా 2001లో 43-101 అనే నియమావళి తెచ్చింది. దాని ప్రకారం అర్హత గల నిపుణుడు సంతకం చేయనిదే నిక్షేపం లెక్క ప్రకటించకూడదు. ఎంత నిశ్చయంగా తెలుసో విడివిడిగా చెప్పాలి. తక్కువ బోర్ల మీద ఊహించినదాన్ని ఇన్ఫర్డ్ అంటారు. అది అన్నిటికంటే కింది మెట్టు. గుంపుల్లో లెక్కలు మాత్రం ఎక్కువగా ఆ మెట్టు మీదే నడుస్తాయి.

ఈ పిచ్చి పరాయి దేశాలదే అనుకోకండి. 1880 ప్రాంతంలో మన దక్షిణాదిలోనే, వయనాడు, నీలగిరుల్లోని దేవాల, పందలూరు చుట్టూ బంగారం ఉందని చెప్పి లండన్‌లో డజన్ల కొద్దీ కంపెనీలు షేర్లు అమ్మాయి. కొన్నేళ్లకే దాదాపు అన్నీ మూతపడ్డాయి. అదే కాలంలో కోలారులో మైసూర్ కంపెనీ కూడా మునిగిపోయే స్థితికి వచ్చి, చివరికి మిగిలిన కొద్ది డబ్బుతో ఇంకొంచెం తవ్వగా ఛాంపియన్ రీఫ్ దొరికింది. ఆ గనుల్లో తమిళులతో పాటు మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా దిగి పనిచేశాయి, 2001లో మూతపడేదాకా. కోలారు కథ చెప్పేవారు వయనాడు కథ చెప్పరు. రెండూ ఒకే ఏళ్లలో, ఒకే రకం నమ్మకంతో మొదలయ్యాయి.

విశ్వాసులు ఈ విషయంలో మాకు రెండు వాక్యభాగాలు చూపుతారు. ఒకటి తలాంతుల ఉపమానం. డబ్బు పాతిపెట్టిన దాసుడినే కదా యజమాని గద్దించింది అంటారు. నిజమే. కానీ మిగతా ఇద్దరూ వ్యాపారం చేశారు, లెక్క అప్పజెప్పారు. తమకు తెలియని వ్యాపారాన్ని తెలియనివారి మాట మీద చేశారని అక్కడ లేదు. రెండోది మత్తయి 13లోని దాచబడిన ధనం. ఆ మనిషి తనకున్నదంతా అమ్మి పొలం కొన్నాడు కదా, అంతకంటే పెద్ద సాహసం ఉందా అంటారు. ఆ వాక్యాన్ని నిదానంగా చదవండి. అతడు ధనాన్ని కనుగొన్న తర్వాత పొలం కొన్నాడు. అమ్మేవాడికి తెలియనిది అతనికి తెలుసు. సెంట్ల షేరులో ఇది తలకిందులు. అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. దేవుని రాజ్యం గురించి చెప్పిన ఉపమానాన్ని పెట్టుబడి సలహాగా వాడటం ఎలాగూ సరికాదు, వాడినా అది వారికి సాయం చేయదు.

షేర్లు కొనడమే జూదమని ప్రసంగించే కాపరులతో మేము ఏకీభవించము. ప్రసంగి 11వ అధ్యాయంలో సొమ్మును ఏడు ఎనిమిది భాగాలుగా పంచిపెట్టమనే జ్ఞానం ఉంది, ఏ కీడు ఎప్పుడు వస్తుందో తెలియదు కనుక. పోయినా ఇల్లు కదలని డబ్బులోంచి కొంత ఒకరు ఇలాంటి వెతుకులాటకు ఇస్తే, అది వారి స్వేచ్ఛ. పిల్లల ఫీజు, ముసలితనపు పొదుపు, ఇతర కుటుంబాల దగ్గర తీసుకున్న సొమ్ము, వీటి సంగతి వేరు. ఆ సహోదరుడు తన డబ్బుతో పాటు ఇంకో రెండు విశ్వాస కుటుంబాలను కూడా చేర్పించారని తర్వాత తెలిసింది. ఆయన ఫోనులో నెమ్మదిగా, అన్నిటికంటే ఆఖరున చెప్పింది అదే.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది మొక్కు. ఎందుకంటే అందులో మా చెయ్యి కూడా ఉంది. రెండవ కొరింథీయులకు 8వ అధ్యాయం 12వ వచనంలో పౌలు కానుక గురించి ఒక మాట స్పష్టం చేస్తాడు. మనిషికి ఉన్నదానిని బట్టి ఇచ్చేదే ప్రీతికరం, లేనిదానిని బట్టి కాదు. బైఅవుట్ వస్తే దశమభాగం ఇస్తాననడం లేనిదానిలోంచి ఇవ్వడం. అది దేవునితో బేరం కావచ్చు, లేదా నష్టం వస్తున్న షేరును అమ్మకుండా పట్టుకోవడానికి మనసు వెతుక్కున్న సాకు కావచ్చు. ఆయన విషయంలో రెండూ కొంచెం కొంచెం ఉన్నాయని ఆయనే ఒప్పుకున్నారు. "అమ్మితే మందిరాన్ని అమ్మినట్టు అనిపిస్తుంది అయ్యగారూ" అన్నారు. అటువైపు పల్లె సంఘం ఆ మాట మీద పునాదులు తీసింది. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14లో ప్రభువు అడిగాడు. ఆ వాక్యం మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. పునాదిరాయి దగ్గర నిలబడ్డ రోజున మాత్రం అది గుర్తుకు రాలేదు.

ఇలాంటి సహాయం మాట వచ్చినప్పుడు సంఘ పెద్దలు ఏం చేయాలి? డబ్బు ఖాతాలో పడ్డాకే మేస్త్రీని పిలవండి. ఇస్తామన్నవారిని మర్యాదగానే అడగండి, బాబూ ఇది జీతంలోంచా, అమ్మిన ఆస్తిలోంచా, రాబోయే లాభంలోంచా అని. నొచ్చుకుంటారని భయపడి మేము అడగలేదు. ఎవరైనా సభ్యులు గని షేరు గురించి సంఘంలో చెప్పి ఇతరులను చేర్పిస్తుంటే, అది ప్రార్థన కూడికలో మాట్లాడే విషయం కాదని కాపరి చెప్పగలగాలి. సాక్ష్యం చెప్పే సమయంలో మాటవరసకు వచ్చే షేరు పేరుకు, ఆ సాక్ష్యపు బరువంతా తోడవుతుంది.

ఇక ఫోను సంగతి. "అమ్మేయమంటారా, ఉంచమంటారా?" అని ఆయన మమ్మల్ని అడిగారు. అది చెప్పడం మా తరం కాదు బాబూ అన్నాము. బదులుగా ఒకటి చూడమన్నాము. కొన్న రోజున ఆ కంపెనీకి ఎన్ని షేర్లున్నాయి, ఈ రోజు ఎన్ని ఉన్నాయి? ఆయన ఎప్పుడూ చూడలేదట. ధర చూసేవారు, బంగారం ధర చూసేవారు, గుంపులో మెసేజీలు చూసేవారు. మేము లైన్‌లో ఉండగానే వెతికారు. అప్పుడు 18 కోట్లు. ఇప్పుడు 41 కోట్లు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ రెండు కుటుంబాలకు నేనే చెప్పాలి కదా" అన్నారు. అవును అన్నాము.

పల్లెలో పెద్దలను కలిసి మేమూ చెప్పవలసింది చెప్పి వచ్చాము. ఆ ప్రార్థన చేసిన నోటితోనే చెప్పాము. పునాదికీ ఇనుముకీ అప్పటికి 3 లక్షల 40 వేలు అయింది, అందులో 80 వేలు సిమెంటు కొట్టు బాకీ. ఒక పెద్దాయన చాలాసేపు గోతుల వైపు చూసి, సగం పునాది మీద గోడలు లేపి రేకులు వేసుకుందాం, మిగతా సగం మన పిల్లలు చూసుకుంటారు అన్నాడు. స్త్రీల సమాజం వారు పిడికెడు బియ్యం కానుక మళ్లీ మొదలుపెట్టారు.

గత నెలలో కెనడా నుంచి 80 వేల రూపాయలు వచ్చాయి. జీతంలోంచి పంపుతున్నానని ఆయన రాశారు. కొట్టు బాకీ తీరింది. షేర్ల సంగతి ఆయన రాయలేదు, మేము అడగలేదు.